రెండింటికీ ‘ఎక్సలెంట్’ అనే రాసి ఉంది, మరి ఏ వజ్రం కట్ బాగున్నట్టు?

మీ ప్రశ్న ఇదీ: రెండూ 1.01 క్యారెట్ల గుండ్రటి వజ్రాలు. రంగు, స్వచ్ఛత సమానం. వజ్రాలకు గ్రేడులిచ్చే సంస్థ జీఐఏ రెండింటికీ ఇచ్చిన రిపోర్టుల్లోనూ కట్, పాలిష్, సిమెట్రీ మూడింటికీ ‘ఎక్సలెంట్’ అనే ఉంది. మొదటి రాయి లోతు 62.6 శాతం, క్రౌన్ కోణం 35.5 డిగ్రీలు, పెవిలియన్ కోణం 41.2. రెండో రాయి లోతు 61.5 శాతం, క్రౌన్ 34.5, పెవిలియన్ 40.8. టేబుల్ రెండింటికీ 57 శాతమే. మొదటిది కాస్త తక్కువకు వస్తోంది కాబట్టి, గ్రేడు ఒకటే అయినప్పుడు రెండోదానికి ఎక్కువ పెట్టడం దేనికని అడిగారు.

నేనైతే రెండోది తీసుకుంటాను. ఇది కాగితం మీది అంకెలు చూసి చెబుతున్న మాట మాత్రమే. రాళ్లు ఎదురుగా ఉంటే మనసు మారవచ్చు, దేనివల్ల మారవచ్చో కింద చెబుతాను. వజ్రాలను పరిశీలించి గ్రేడు చేసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ‘గ్రేడు ఒకటే కదా, తేడా ఏముంది?’ అన్న ప్రశ్న ఇప్పటికీ నెలకు రెండుసార్లయినా వింటాను. ఆ ప్రశ్న వెనకున్న నమ్మకాన్నే ముందు సడలించాలి. ‘ఎక్సలెంట్’ అనేది ఒక బిందువు కాదు, పెద్ద గది. మీ రెండు రాళ్లూ ఆ గదిలోనే ఉన్నాయి. ఒకటి నడిమధ్యన కూర్చుంటే ఇంకొకటి గోడను ఆనుకుని నిలబడింది.

గుండ్రటి వజ్రాన్ని పక్కనుంచి చూస్తే బొంగరంలా ఉంటుంది. నెత్తిన చదునుగా ఉన్న పెద్ద ముఖం టేబుల్. దాని చుట్టూ వాలుగా దిగేది క్రౌన్. నడుముకు కట్టిన పట్టీలాంటిది గర్డిల్. అక్కడినుంచి కింద మొనదాకా సన్నబడుతూ పోయేది పెవిలియన్. పైన 33, కింద 24, మొత్తం 57 ముఖాలు. మొనను కూడా కాస్త అరగదీసి చిన్న ముఖం చేస్తే 58. కోణాలన్నీ గర్డిల్ ఉన్న అడ్డగీత నుంచి కొలుస్తారు. టేబుల్, లోతు లాంటి శాతాలకు రాయి వ్యాసమే ప్రమాణం.

కట్‌ను అంచనా వేయడమంటే చివరికి ఒక్కటే ప్రశ్న: పైనుంచి లోపలికి వెళ్లిన వెలుతురు తిరిగి పైకే వస్తోందా, వస్తే ఏ దిక్కునుంచి వచ్చిన వెలుతురు మన కంటికి చేరుతోంది? ఈ ప్రశ్నలో మొదటి సగం గురించి అందరూ మాట్లాడతారు. అసలు సంగతంతా రెండో సగంలో ఉంది.

వజ్రం వక్రీభవన గుణకం 2.42. దాని ఫలితంగా, లోపల ప్రయాణించే కిరణం ఏదైనా ముఖాన్ని, ఆ ముఖానికి నిటారుగా గీసిన గీత నుంచి 24.4 డిగ్రీల కంటే ఎక్కువ వాలుగా తాకితే బయటికి పోలేదు, అద్దం మీద పడ్డట్టు పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. అంతకన్నా నిటారుగా తాకితే ఆ ముఖంగుండా బయటికి జారిపోతుంది. గాజులో ఈ హద్దు 41 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకే గాజును వజ్రంలా కోసినా వజ్రంలా మెరవదు, వెలుతురు అడుగునుంచి కారిపోతుంది.

ఇప్పుడు ఒక కిరణం వెంట వెళ్దాం. రాయి మీదికి వంగి టేబుల్ గుండా నేరుగా కిందికి చూస్తున్నారనుకోండి. మీ చూపు వెళ్లే దారే, వెనక్కి తిప్పి చూస్తే, వెలుతురు వచ్చే దారి. నిటారుగా దిగిన ఆ గీత పెవిలియన్‌లోని ఒక పెద్ద ముఖాన్ని తాకి, ఎదుటి ముఖం మీదికి మళ్లి, అక్కడినుంచి పైకి లేచి మళ్లీ టేబుల్ గుండా బయటపడుతుంది. పెవిలియన్ కోణం సరిగ్గా 45 అయితే అది వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. అంటే మీకు కనిపించేది మీ ముఖమే. ముఖం దీపం కాదు కాబట్టి రాయి మధ్యభాగమంతా నల్లగా మేకు తలలా కనిపిస్తుంది. వ్యాపారంలో ఇలాంటి రాయిని నెయిల్‌హెడ్ అంటారు. లోపల చీకటేమీ లేదు, మీ తల నీడనే అది మీకు చూపిస్తోంది.

కోణాన్ని 43కి దించండి. ఇప్పుడు కంటికి చేరే వెలుతురు నడినెత్తి నుంచి దాదాపు 20 డిగ్రీలు పక్కకు ఉన్న చోటునుంచి వస్తుంది. దగ్గరగా వంగి చూసేవారికి అది ఇంకా తల అంచే. 42కి దించితే 30 డిగ్రీలు. 40.75 దగ్గర 45 డిగ్రీలు. మీ తలను, భుజాలను దాటుకుని గదిలోని దీపాలు, కిటికీలు ఉండే చోటు అదే. కాగితం మీద పెవిలియన్ ఒక్క డిగ్రీ కదిలితే రాయి చూసే దిక్కు పది పదిహేను డిగ్రీలు కదులుతోంది. నేను రిపోర్టు తెరవగానే ముందు పెవిలియన్ కోణం దగ్గరికి వెళ్లేది ఇందుకే. క్రౌన్‌లో ఒక డిగ్రీ తేడాకు అంత తొందరపడను.

రెండో వైపున మరీ పలచగా కోసిన పెవిలియన్ ఇంకో రకం అందవికారం. టేబుల్ లోపల గర్డిల్ ప్రతిబింబం బూడిదరంగు వలయంలా కనిపిస్తుంది, చేపకన్ను మాదిరిగా. పేరు కూడా అదే, ఫిష్‌ఐ. రాయిని కొంచెం పక్కకు వంచగానే బయటపడిపోతుంది. మీ రెండు రాళ్లకూ ఈ భయం లేదు.

మరి 41.2 అంత చెడ్డదా? కాదు. టేబుల్ మధ్యలోంచి చూసినంతవరకు 41.2 కూడా 39 డిగ్రీల దగ్గరి వెలుతురును పట్టి ఇస్తుంది, అది బాగానే ఉన్నట్టు. మీ మొదటి రాయిలో నాకు నచ్చనిది 41.2 పక్కన 35.5 ఉండటం. క్రౌన్, పెవిలియన్ తక్కెడలోని రెండు పళ్లేల లాంటివి. ఒకటి నిటారైతే రెండోది వాలాలి. 41.2తో పాటు 33 దగ్గరి క్రౌన్ ఉంటే అభ్యంతరం చెప్పేవాణ్ని కాను. 35.5 క్రౌన్‌కు 40.6 పెవిలియన్ ఉన్నా సంతోషంగా చూసేవాణ్ని. రెండూ ఒకేసారి నిటారుగా లేచినప్పుడు క్రౌన్ గుండా వెళ్లిన కిరణాల్లో కొన్ని తిరిగిరావు. టేబుల్ అంచు కిందుగా ఒక మసక వలయం ఏర్పడుతుంది. రాయి నడుమ వెలుగు, చుట్టూ నీరసం, అంచున మళ్లీ వెలుగు. ఇలాంటి రాయి ఉన్న పరిమాణం కంటే చిన్నదిగా కనిపిస్తుంది.

నిజంగా కూడా కాస్త చిన్నదే. 62.6 శాతం లోతున్న 1.01 క్యారెట్ల రాయి వ్యాసం 6.41 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, రెండోది 6.46 దగ్గర. ఈ అర పదోవంతు మిల్లీమీటరును ఏ కన్నూ పట్టలేదు, దాని కోసం బాధపడకండి. అది చెప్పే కథ మాత్రం వినదగ్గది. రాయి కోసేవారికి ముడిరాయిలో సగం బరువు పొడిగా పోవడం మామూలే. మిగిలినదాంట్లో ఒక్క క్యారెట్ గీత దాటితే విలువ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందమైన కోణాలతో కోస్తే 0.97 దగ్గర ఆగే రాయిని, పెవిలియన్ రెండు మెట్లు లోతుగా, క్రౌన్ ఒక మెట్టు ఎత్తుగా, నడుము కొద్దిగా మందంగా ఉంచి 1.01 చేయవచ్చు. అలా చేస్తూనే ‘ఎక్సలెంట్’ గోడ దాటకుండా ఆగవచ్చు. గ్రేడు సరిహద్దులు ఎక్కడున్నాయో కోసేవారి కంప్యూటర్‌కు మనకంటే బాగా తెలుసు. ఇందులో మోసమేమీ లేదు. వారు అమ్మేది బరువు, మీరు కొనేది మెరుపు, అంతే.

ఈ గ్రేడు ఎలా వచ్చిందో కూడా చూడాలి. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు, వజ్రాల పనిచేసే కుటుంబంలో పుట్టినవారు, లెక్కగట్టి 34.5 క్రౌన్, 40.75 పెవిలియన్, 53 శాతం టేబుల్ అని తేల్చారు. అడ్డంగా కోసిన బొమ్మ మీద, పెద్ద ముఖాలనే పరిగణించి చేసిన లెక్క అది. ఆ ఒక్క మిశ్రమమే పరమమని చాలాకాలం నమ్మారు, ఇప్పటికీ నమ్మేవారున్నారు. జీఐఏ కంప్యూటర్ నమూనాలతో పాటు దాదాపు 2,300 వజ్రాలను మనుషులకు చూపించి, 70,000కు పైగా పరిశీలనలు సేకరించి, 2006 నుంచి గుండ్రటి రాళ్లకు ఎక్సలెంట్ నుంచి పూర్ దాకా అయిదు మెట్ల కట్ గ్రేడు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇందులో ఏడు అంశాలు చూస్తారు: తెల్లని వెలుగు, ఇంద్రధనుస్సు రంగుల మెరుపు, కదిలించినప్పుడు తళతళ, వ్యాసానికి తగ్గ బరువేనా అన్నది, అంచులు చిట్లిపోయే ప్రమాదం, పాలిష్, సిమెట్రీ. పాలిష్, సిమెట్రీలకు కాస్త వెసులుబాటు ఉంది, అవి వెరీ గుడ్ అయినా కట్‌కు ఎక్సలెంట్ రావచ్చు. మిగతావాటిలో దేనికి అన్నిటికంటే తక్కువ మెట్టు వస్తే రాయి గ్రేడు అదే. పద్ధతి న్యాయమైనదే. అందమైన మిశ్రమాలు చాలా ఉన్నాయన్నది కూడా నిజమే. దాని పర్యవసానంగానే పై మెట్టు విశాలమైంది. పెవిలియన్ 40.6 నుంచి 41.8 వరకు, క్రౌన్ 31.5 నుంచి 36.5 వరకు ఎక్సలెంట్‌కు చోటుంది. అయితే ఏ జతకైనా కాదు, కొన్ని జతలకే.

ఇంకో చిన్న సంగతి చాలామంది గమనించరు. రిపోర్టులో కనిపించే కోణాలు నేరు కొలతలు కావు. ఎనిమిది చోట్ల కొలిచి, సగటు తీసి, పెవిలియన్‌ను 0.2కి, క్రౌన్‌ను 0.5కి సర్దుతారు. మీ 41.2 వెనక 41.1 ఉండవచ్చు, 41.3 కూడా ఉండవచ్చు. అంతకంటే ముఖ్యమైనది ఆ ఎనిమిదింటి మధ్య తేడా. ఎనిమిదీ 40.7, 40.9 మధ్య ఉన్న రాయికీ, 40.3 నుంచి 41.3 దాకా ఊగిసలాడే రాయికీ కాగితం మీద ఒకటే 40.8.

ఈ పాఠం నాకు ఊరికే అబ్బలేదు. పని నేర్చుకుంటున్న రోజుల్లో, అంకెలు బట్టీపట్టి వచ్చిన గర్వంతో, ఒక పొట్లంలోని రాళ్లలో కాగితం మీద అన్నిటికంటే చక్కగా ఉన్నదాన్ని వేరుచేసి మా గురువుగారి ముందు పెట్టాను. ఆయన లూప్ (రాళ్లను చూసే చిన్న భూతద్దం) కూడా తీయలేదు. పట్టకారుతో రాయిని పట్టుకుని, బల్లమీది దీపానికి దూరంగా, బల్ల కింది నీడలోకి తీసుకెళ్లి నన్ను వంగి చూడమన్నారు. దీపం కింద నిప్పురవ్వలా ఉన్న రాయి అక్కడ ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క చల్లారిన బొగ్గులా ఉంది. రాయిని చుట్టూ తిప్పితే ఆ చీకటి కూడా దానితోపాటే తిరిగింది. సగటు బాగుంది, రాయి బాగాలేదు.

ఆ బల్ల కింది పరీక్షను మీరూ చేయండి. దుకాణాల్లో పైనుంచి పడే చిన్న చిన్న ఘాటైన దీపాల కింద ఓ మోస్తరు రాయి కూడా రంగులు కక్కుతుంది. మంచి చెడు తేలేది మామూలు వెలుతురులో. రెండు రాళ్లనూ కిటికీ పక్కకు, ఎండ నేరుగా పడని చోటుకు తీసుకెళ్లండి. ఒక జానెడు దూరం నుంచి చూడండి, తర్వాత చేయి చాచి చూడండి. దగ్గరనుంచి చూస్తే నల్లబడి, దూరంగా పెడితే తేరుకునే రాయి మీ తల నీడను ఎక్కువగా పట్టుకుంటోందని అర్థం. తర్వాత ఎర్ర కాగితాన్ని వి ఆకారంలో మడిచి రాయిని అందులో టేబుల్ పైకి వచ్చేలా నిలపండి. రాయి లోపల ఎక్కడ ఎరుపు కనిపిస్తే అక్కడ వెలుతురు కిందికి కారిపోతోంది. మీ మొదటి రాయిలో టేబుల్ అంచు చుట్టూ చూడండి, నాకున్న అనుమానం అక్కడే.

దీన్నే పద్ధతిగా చేసే చిన్న గొట్టాలు ఉన్నాయి. ఏసెట్ అనే దానిలో రాయికి వెలుతురు ఏ ఎత్తునుంచి వస్తోందో రంగుల్లో కనిపిస్తుంది: కింది అంచునుంచి వచ్చేది ఆకుపచ్చ, మధ్య ఎత్తునుంచి వచ్చే బలమైన వెలుతురు ఎరుపు, చూసేవారి తల ఉండే చోటు నీలం. తెల్లగానో నల్లగానో కనిపించేది కారిపోయిన భాగం. గుండ్రటి రాయిలో ఎక్కువభాగం ఎరుపు ఉండాలి, మధ్యలో ఎనిమిది బాణాల్లా నీలం ఉండాలి. అమ్మేవారిని రెండు రాళ్లకూ ఏసెట్ ఫొటో అడగండి. చాలామంది పంపుతారు.

ఆ బాణాల గురించి ఒక మాట. మొదటిసారి చూసినవారు రాయిలో నల్లటి చారలున్నాయని కంగారుపడతారు. అవి ఉండాలి. రాయి అంతా ఒకే తెలుపైతే మెరిసేది ఉండదు, పాలిపోయిన అద్దంలా ఉంటుంది. కదిలించగానే నలుపు తెలుపై, తెలుపు నలుపైతేనే తళతళ పుడుతుంది. బాణాల మందాన్ని నిర్ణయించేది గర్డిల్ నుంచి కిందికి సాగే చిన్న ముఖాల పొడవు. రిపోర్టులో అది 75, 80 శాతం దగ్గర ఉంటే మధ్యస్థంగా ఉన్నట్టు. బాగా పొడవైతే బాణాలు సన్నబడి మెరుపు నలిగిన రవ్వల్లా చిన్నదవుతుంది, పొట్టివైతే మెరుపులు పెద్దవిగా, తక్కువగా ఉంటాయి. ఇక్కడ తప్పొప్పులు లేవు, రుచి మాత్రమే. నాకు 75 వైపు మొగ్గు. పైనుంచి ఎనిమిది బాణాలు, కిందనుంచి ఎనిమిది హృదయాలు అచ్చుపోసినట్టు కనిపిస్తే హార్ట్స్ అండ్ యారోస్ అంటారు. రిపోర్టులోని సిమెట్రీ గ్రేడు దాన్ని హామీ ఇవ్వదు. సిమెట్రీ గ్రేడు ముఖాల అమరికలో, అంచుల కలయికలో తేడాలు వెతుకుతుంది. ఎక్సలెంట్ సిమెట్రీ ఉండి హృదయాలు వంకరపోయిన రాళ్లు ఎన్నో చూశాను.

పాలిష్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఎక్సలెంట్‌కూ వెరీ గుడ్‌కూ మధ్య తేడా పది రెట్ల లూప్ కింద వెతికితే కనిపించేది, వేలి మీద కనిపించేది కాదు.

రంగుల మెరుపు మీకు ఇష్టమైతే క్రౌన్ ఎత్తు మీద కన్నేయండి. తెల్లని వెలుతురు వాలు ముఖాల గుండా బయటపడేటప్పుడే బాగా విడిపోతుంది. టేబుల్ 60 దాటి, క్రౌన్ పలచబడిన రాయి తెల్లగా జిగేల్మంటుంది గానీ రంగులు తక్కువగా చిమ్ముతుంది. మీ రెండింటి టేబుల్ 57 కాబట్టి ఈ విషయంలో తేడా పెద్దగా ఉండదు, ఆ కాస్త మొగ్గు కూడా ఎత్తయిన క్రౌన్ ఉన్న మొదటిదాని వైపే. మొదట్లో మనసు మారవచ్చు అన్నది ఇందుకు కూడా. మసక వలయం కంటికి ఆనకుండా, రంగులు మీకు నచ్చితే మొదటిదాన్ని తీసుకోవడం తప్పేమీ కాదు.

చెల్లెలి కోసం ఓవల్ కూడా చూస్తున్నామని చివర్లో రాశారు. దానికి ఈ అంకెల్ని మోసుకెళ్లకండి. ఓవల్‌లో ఒక్కో దిక్కున పెవిలియన్ ఒక్కో వాలులో ఉంటుంది, కాబట్టి ఒక కోణం, ఒక శాతం చెప్పి మంచిదనడం కుదరదు. దాదాపు ప్రతి ఓవల్‌కూ నడుమ అడ్డంగా సీతాకోకచిలుక రెక్కల్లాంటి చీకటి ఉంటుంది, బో టై అంటారు. రాయిని అటూ ఇటూ వంచినప్పుడు ఆ చీకటి విడిపోయి వెలుగుతోందా, అలాగే మొండిగా ఉండిపోతోందా అన్నది చూసి తీరాలి. ఫొటో చాలదు, కదులుతున్న వీడియో కావాలి.

పోల్చేముందు రెండు రాళ్లనూ కడిగించండి, ఇది మరచిపోకండి. వజ్రానికి నీటికంటే జిడ్డు మీద ప్రీతి ఎక్కువ. నలుగురు వేళ్లతో పట్టుకుని చూసిన రాయి అడుగున కంటికి కనబడని నూనె పొర ఉంటుంది. గాలి తగిలిన చోట 24.4 డిగ్రీలున్న ఆ హద్దు, నూనె అంటిన చోట 37 దాకా పెరుగుతుంది. నిన్నటిదాకా వెనక్కి మళ్లిన కిరణాలు అక్కడినుంచి జారిపోతాయి. జిడ్డుపట్టిన రెండో రాయిని, అప్పుడే కడిగిన మొదటి రాయి పక్కన పెట్టి చూస్తే నేను పైన చెప్పినదంతా తలకిందులుగా కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లు, పాత్రలు కడిగే సబ్బు రెండు చుక్కలు, మెత్తని బ్రష్షు చాలు, అడుగుభాగాన్ని బాగా రుద్దమనండి. చూసేటప్పుడు వేళ్లతో కాకుండా పట్టకారుతో గర్డిల్ దగ్గర పట్టుకోండి. ఏసెట్ ఫొటోలు వచ్చాక రెండూ ఇక్కడే పెట్టండి, మొదటిదానిలో టేబుల్ అంచు చుట్టూ తెల్లటి వలయం ఉందో లేదో చూసి చెబుతాను.